మాత్రకు తోడు మజ్జిగ

మన ఇళ్ళలో ‘స్టెరాయిడ్’ అన్న మాట వినబడగానే పెద్దవాళ్ళ ముఖాలు మారిపోతాయి. “అయ్యో, ఆ మందా! ఒళ్ళు గుల్ల చేస్తుందట” అంటారొకరు. “అది మానేసి కషాయం తాగండి, రోగనిరోధక శక్తి దానంతటదే పెరుగుతుంది” అంటారింకొకరు. దూరదేశాల్లో ఉన్నవారి సంగతి చెప్పనే అక్కరలేదు. ఊరి నుంచి వచ్చే ప్రతి బంధువు పెట్టెలోనూ ఒక పొడి పొట్లమో, లేహ్యం సీసానో ఉండనే ఉంటుంది. ఆప్యాయంగా తెచ్చినదాన్ని కాదనలేము. వేసుకుంటే ఏమవుతుందో తెలియదు.

ఉబ్బసం, కీళ్ళవాతం, మూత్రపిండాల జబ్బు, పెద్దపేగు వాపు, కొన్ని చర్మవ్యాధులు - వీటిలో దేనికో ఒకదానికి ఈ మాత్రలు వాడుతున్నవారు మన కుటుంబాల్లో తక్కువేమీ కాదు. వారందరిదీ ఒకటే ప్రశ్న. ఈ మందు వాడుతున్నన్నాళ్ళూ పొట్టనూ, రోగనిరోధక శక్తినీ సహజమైన పద్ధతుల్లో కాపాడుకోవడం ఎలా?

నేను వైద్యుణ్ణి కాను. రాయచూరు జిల్లా మట్మారిలో ఉంటున్న రిటైర్డు సైన్సు ఉపాధ్యాయుణ్ణి. మా అక్కయ్యకు కీళ్ళవాతం. నాలుగేళ్ళుగా ప్రెడ్నిసొలోన్ మాత్ర వేసుకుంటోంది. ఆమె వంటా, మందూ చూసుకునే బాధ్యత మా ఆవిడదీ నాదీ కావడంతో డాక్టరు గారిని అడిగీ, పుస్తకాలు చదివీ తెలుసుకున్న సంగతులు నలుగురికీ పనికివస్తాయని ఇలా రాస్తున్నాను.

ఈ మందు ఎక్కడిది?

మూత్రపిండాల పైన చిన్న టోపీల్లాగా అడ్రినల్ గ్రంథులుంటాయి. అవి కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. తెల్లవారేసరికి రక్తంలో అది ఎక్కువగా ఉంటుంది, రాత్రికి తగ్గిపోతుంది. దాన్ని పోలినవే మనం వాడే స్టెరాయిడ్ మందులు. కండలు పెంచడానికి కొందరు వ్యాయామశాలల్లో వాడే స్టెరాయిడ్లు వేరు. పేరు ఒకటే కదా అని కంగారుపడనక్కరలేదు.

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒక యువతికి డాక్టర్ ఫిలిప్ హెంచ్ బృందం మొదటిసారి కార్టిసోన్ ఇచ్చింది. కదలలేని మనిషి కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో హెంచ్‌కూ, కెండల్, రైక్‌స్టైన్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలకూ నోబెల్ బహుమానం వచ్చింది. అయితే ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే వచ్చే ఇబ్బందులు కూడా ఆ తొలి సంవత్సరాల్లోనే బయటపడ్డాయి.

ఈ మందు మంచీ చెడూ రెండూ మన కాలంలోనే మరోసారి చూశాము. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు రోజుకు 6 మి.గ్రా. డెక్సామెథసోన్ పది రోజులకు మించకుండా ఇస్తే మరణాలు తగ్గుతాయని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష నిరూపించింది. ఆక్సిజన్ అక్కరలేని వారికి దానివల్ల మేలు కనబడలేదు. మరుసటి ఏడాది మన దేశంలో చాలామంది అవసరం ఉన్నా లేకపోయినా, మోతాదు మించి వాడారు. చక్కెర వ్యాధి అదుపులో లేనివారికి ఆ మందు తోడయ్యేసరికి నల్ల ఫంగస్ విజృంభించింది. 2021 జూన్ చివరికి దేశంలో 40 వేలకు పైగా కేసులు లెక్కకు వచ్చాయి. మందు ఒక్కటే. ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు అన్నదాన్ని బట్టి అది ప్రాణం పోసింది, ప్రాణం తీసింది కూడా.

పెంచడమా, కాపాడుకోవడమా?

కీళ్ళవాతం వంటి జబ్బుల్లో మన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి మన శరీరం మీదనే దాడి చేస్తుంది. స్టెరాయిడ్ చేసే పని ఆ వ్యవస్థను కావాలనే శాంతింపజేయడం. అలాంటప్పుడు ఒక చేత్తో దాన్ని తగ్గించే మాత్ర వేసుకుంటూ, ఇంకో చేత్తో దాన్ని పెంచే పొడి వేసుకోవడంలో అర్థం లేదు గదా! ఒక ఎద్దు కుడికీ, ఒక ఎద్దు ఎడమకూ లాగితే బండి సాగదు.

మరి మనం చేయగలిగింది ఏమీ లేదా? ఉంది, చాలా ఉంది. మాత్ర శరీరం నుంచి తీసుకుపోయేవాటిని - ఎముకల్లోని కాల్షియం, కండల్లోని మాంసకృత్తులు, రక్తంలోని పొటాషియం - తిండితో తిరిగి ఇవ్వడం ఒకటి. మందగించిన కాపలాను దాటి లోపలికి రాగల క్రిములను గుమ్మం దగ్గరే ఆపడం రెండోది. ఈ రెండు పనులకూ మన వంటిల్లు చాలు. సహజమైన సాయం అంటే నా దృష్టిలో ఇదే.

పొట్ట సంగతి

స్టెరాయిడ్ వేసుకుంటే కడుపులో పుండు పడుతుందని అందరూ అంటారు. ఇందులో కొంత సవరణ అవసరం. 1991లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రపు వృద్ధుల మీద వెలువడిన ఒక అధ్యయనంలో స్టెరాయిడ్ ఒక్కటే వాడేవారికి పుండు ప్రమాదం పెద్దగా పెరగలేదు. కాని స్టెరాయిడ్‌తో పాటు నొప్పి మాత్రలు కూడా వాడేవారికి, ఏదీ వాడనివారి కంటే అది సుమారు 15 రెట్లు ఎక్కువగా కనబడింది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి ఆ కోవలోవి.

మా ప్రాంతంలో పొలం పని చేసి వచ్చి నడుం నొప్పికి అంగట్లో రెండు మాత్రలు అడిగి తెచ్చుకోవడం మామూలు. స్టెరాయిడ్ వాడేవారికి అది కుదరదు. నొప్పి మాత్ర అవసరమైతే డాక్టరు గారితో చెప్పే వేసుకోవాలి, దానికి తోడుగా పొట్టకు మాత్ర కావాలా అనీ అడగాలి. ఇంకొక సంగతి: ఈ మందు కడుపు నొప్పిని, జ్వరాన్ని కప్పిపుచ్చగలదు. లోపల పెద్ద ప్రమాదమే జరిగినా పైకి చిన్న నొప్పిగా ఉండవచ్చు. నల్లటి విరేచనం, కాఫీ పొడి రంగు వాంతి, తగ్గని కడుపు నొప్పి - వీటికి వాము నమిలి ఊరుకోకూడదు.

మాత్రను ఉదయం ఫలహారం తరువాత వేసుకోమంటారు. శరీరం సొంత కార్టిసాల్ ఎక్కువగా ఉండే వేళకు అది సరిపోతుంది, రాత్రి నిద్ర చెడదు, పొట్టలో మంట తక్కువ. ఏకాదశి ఉపవాసాలుండే ఇళ్ళలో ఇది చిక్కే. మంత్రాలయం మాకు తుంగభద్ర దాటితే వచ్చేస్తుంది కనుక మా ఇంట్లో ఈ చర్చ తరచూ వచ్చేది. “స్వామికి మొక్కుకున్నాను తమ్ముడూ, ఒక్క పూట మానితే ఏం?” అనేది అక్కయ్య. “ఒక్క పూటైనా మాత్ర మానడానికి లేదమ్మా. పాలూ, పండూ తీసుకుని మాత్ర వేసుకోండి, స్వామి ఏమీ అనరు” అని డాక్టరు గారు చెప్పాకనే ఆమె మనసు కుదుటపడింది.

రొట్టె, మజ్జిగ, పుండిపల్య

మా సీమ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, వంటింట్లో రెండూ. జొన్నరొట్టె, పుండిపల్య, శేంగా పొడి, గురెళ్ళ పొడి, మజ్జిగ మాకు రోజూ ఉండేవే. పుండి అంటే మరేమో కాదు, మన గోంగూరే. స్టెరాయిడ్ వాడేవారికి ఈ పాత తిండి చాలావరకు సరిపోతుందని తెలిసి మా ఆవిడ ఎంతో సంతోషించింది.

ఈ మందు ఆకలిని పెంచుతుంది, రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఉదయం మాత్ర వేసుకున్నవారికి చక్కెర ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పెరుగుతుంది. అందుకే పరగడుపున చేసిన పరీక్ష ఒక్కటే చూసి బాగుందనుకోకూడదు, భోజనం తరువాత కూడా చూపించుకోవాలి. 100 గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల పీచు ఉంటుంది. తెల్ల అన్నం కంటే జొన్నరొట్టె కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. పెద్దపేగులోని మేలుచేసే సూక్ష్మజీవులకు ఆ పీచే ఆహారం. అయితే పేగు వాపు తీవ్రంగా ఉన్న రోజుల్లో పీచు ఎంత తినవచ్చో డాక్టరు గారే చెప్పాలి.

ఇక మజ్జిగ. పెరుగులోని సూక్ష్మజీవులు మేలుచేస్తాయని మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఇరవయ్యో శతాబ్దపు మొదటి సంవత్సరాల్లోనే ప్రచారం చేశాడు. మన అమ్మమ్మలకు ఆయన చెప్పనక్కరలేకపోయింది. కాచి చల్లార్చిన పాలతో, శుభ్రమైన గిన్నెలో ఇంట్లో తోడుపెట్టిన పెరుగు మంచి మాంసకృత్తుల్నీ, కాల్షియాన్నీ కూడా ఇస్తుంది. కాని మజ్జిగ తాగితే స్టెరాయిడ్ చెడుగుణాలన్నీ విరిగిపోతాయని ఎవరైనా అంటే నమ్మకండి. మజ్జిగ మాత్రకు తోడేగాని విరుగుడు కాదు. కోట్ల కొద్దీ సూక్ష్మజీవులున్నాయంటూ అమ్మే ప్రోబయాటిక్ గొట్టాల సంగతి వేరు. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన కొందరిలో ఆ జీవులే రక్తంలో చేరి జబ్బు చేసిన సందర్భాలున్నాయి. అవి అడగకుండా వాడవలసినవి కావు.

ఎముకలు కరగడం ఈ మందు మొదలుపెట్టిన మొదటి ఆరు నెలల్లోనే వేగంగా జరుగుతుంది. తరువాత చూద్దాములే అనుకోవడానికి వీలులేదు. పెద్దవాళ్ళకు రోజుకు 1000 నుంచి 1200 మి.గ్రా. కాల్షియం కావాలి. పావు లీటరు పాలలో సుమారు 300 మి.గ్రా. ఉంటుంది. 100 గ్రాముల రాగిపిండిలో 350 మి.గ్రా.కు దగ్గరగా ఉంటుంది. నువ్వులూ, మునగాకూ మంచివే. కాల్షియం ఒంటబట్టాలంటే డి విటమిన్ కావాలి. ఎండ తగలని చలిదేశాల్లో ఉన్నవారు దాన్ని మాత్ర రూపంలో తీసుకోవడం గురించి డాక్టరును అడగాలి.

కండలు తగ్గకుండా పప్పు, గుడ్డు, పాలు, శనగలు ఉండాలి. రోజూ నడక కూడా ఉండాలి. పీట మీది నుంచి లేవడం కష్టమవుతోందంటే తొడ కండరాలు బలహీనపడుతున్నాయని అర్థం. ఉప్పు విషయంలో మాత్రం మన తెలుగువాళ్ళం కొంచెం మనసు దిటవు చేసుకోక తప్పదు. ఈ మందు శరీరంలో ఉప్పునూ నీటినీ నిలబెడుతుంది, పొటాషియాన్ని బయటికి పంపుతుంది. రోజంతా కలిపి 5 గ్రాముల ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ బద్ద, అప్పడం, ఊరమిరపకాయ, ఉప్పు వేసిన మజ్జిగ అన్నీ ఒకే పూట పడితే ఆ చెంచా దాటిపోతుంది. కడుపు ఉబ్బరానికి వంటసోడా తాగడం కూడా ఉప్పు తాగడం లాంటిదే. అరటిపండు, కొబ్బరినీళ్ళు, ఆకుకూరలు పొటాషియం ఇస్తాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వీటిని అడిగే తినాలి.

నీళ్ళే మొదటి మందు

2022 మే నెలాఖరున మా జిల్లా కేంద్రమైన రాయచూరులో కుళాయి నీరు కలుషితమై అనేకమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆరోగ్యవంతులకే ఆ గతి పడితే, కాపలా మందగించిన శరీరం సంగతి వేరే చెప్పాలా? అప్పటి నుంచి మా ఇంట్లో అక్కయ్య తాగే నీళ్ళు తెర్లేదాకా కాచి, మూతపెట్టి చల్లార్చినవే. చెయ్యి ముంచకుండా తీసుకోవడానికి పొడవాటి గరిటె ఒకటి పెట్టాము.

మోతాదు ఎక్కువగా ఉన్న రోజుల్లో కొన్ని పదార్థాలను పక్కన పెట్టాలి. కాచని పాలు, సగం ఉడికిన గుడ్డు, బజారులో కోసి పెట్టిన పళ్ళు, పానీపూరీ అందులోవి. ఆరోగ్యానికి మంచివని పచ్చిగా తినే మొలకలు కూడా వీటిలో చేరుతాయంటే చాలామంది ఆశ్చర్యపోతారు. మొలకెత్తించే తేమా వెచ్చదనమే క్రిములకూ అనుకూలం. ఉడికించి తింటే దిగులు లేదు. చద్దన్నం మన ప్రాణమే గాని, మా రాయచూరు ఎండల్లో అన్నం త్వరగా చెడుతుంది. మోతాదు తగ్గేదాకా దాన్ని వాయిదా వేసుకుంటే నష్టం లేదు. అప్పటికప్పుడు వండిన అన్నంలో మజ్జిగ పోసుకుంటే ఆ కోరికా తీరుతుంది.

ఇంకొక ప్రమాదం పాదాల నుంచి వస్తుంది. తడి మట్టిలో చెప్పులు లేకుండా నడిచేవారి చర్మం గుండా కొన్ని సన్నటి పురుగులు ఒంట్లోకి దూరుతాయి. వాటిలో స్ట్రాంజిలాయిడిస్ అనేది పేగులో ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ఉండి, స్టెరాయిడ్ మొదలుపెట్టగానే విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి తేగలదు. పల్లెలో పెరిగి ఇప్పుడు విదేశాల్లో ఉన్నవారు “నేను చిన్నప్పుడు పొలాల్లో చెప్పులు లేకుండా తిరిగాను” అని అక్కడి డాక్టరుకు తప్పక చెప్పాలి. అడగాలని ఆయనకు తట్టకపోవచ్చు.

వేరూ ఆకూ

కూరలో పసుపు, రసంలో మిరియాలు, పెరట్లో తులసి రెండాకులు, ఒక ఉసిరికాయ - వంటకు వాడే పాళ్ళలో వీటికి భయపడనక్కరలేదు. గొట్టాల్లో గట్టిపరచి నింపిన సారాలు, గ్లాసుల కొద్దీ కషాయాలు వేరే మాట.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పవలసింది అతిమధురం గురించి. దగ్గుకు బుగ్గన పెట్టుకునే ఈ వేరు ఎంతో మంచిదని పేరు. కాని ఒంట్లో కార్టిసాల్‌ను విరిచే ఒక ఎంజైమును అది అడ్డుకుంటుంది. స్టెరాయిడ్‌తో కలిస్తే రక్తపు పోటు పెరగడం, ఒంట నీరు చేరడం, పొటాషియం పడిపోవడం వంటివి ఎక్కువవుతాయి. దగ్గు మందుల్లో, గొంతు బిళ్ళల్లో, మూలికల టీల్లో అది ఉందేమో చూసి కొనాలి.

తిప్పతీగ, అశ్వగంధ రోగనిరోధక శక్తిని పెంచుతాయని అమ్మేవారే చెబుతారు. పైన చెప్పిన జబ్బుల్లో ఆ పెంచడమే వద్దంటున్నాము. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న వైనాన్ని మన దేశపు కాలేయ నిపుణులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని అంగీకరించలేదు. పండితులు తేల్చుకునేదాకా మనవంటివారు దూరంగా ఉండడమే క్షేమం. పేగు జబ్బుకు బుడెసొనైడ్ వాడేవారు విదేశాల్లో విరివిగా దొరికే గ్రేప్‌ఫ్రూట్ పండును మానాలి. అది మందును రక్తంలో బాగా పెంచేస్తుంది.

పేరూ ఊరూ లేని పొట్లాల విషయంలో మరీ జాగ్రత్త. మూలికలేనని అమ్మే కొన్ని నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్‌నే కలిపిన ఉదంతాలు మన దేశంలో ఎన్నోసార్లు బయటపడ్డాయి. రెండు రోజుల్లో నొప్పులన్నీ మాయమైతే ఆనందించే ముందు అనుమానించాలి.

మాత్ర మానకూడని రోజు

మూడు నాలుగు వారాలకు మించి బయటి నుంచి హార్మోను అందుతుంటే లోపలి గ్రంథులు నిద్రపోతాయి. హఠాత్తుగా మాత్ర ఆపితే అవి వెంటనే లేవవు. మా బంధువొకాయన ఉబ్బసానికి ఏళ్ళ తరబడి ఈ మాత్ర వాడేవారు. ఒక వేసవిలో పెళ్ళిభోజనం తిని వచ్చి రెండు రోజులు వాంతులు, విరేచనాలు. కడుపులో ఏదీ నిలవడం లేదని మాత్ర కూడా ఆపారు. మూడో రోజు పొద్దున మంచం దిగబోయి స్పృహ తప్పారు. సమయానికి ఆసుపత్రిలో చేర్చి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షను, సెలైను ఇచ్చాక తేరుకున్నారు. “పొట్ట చెడిన రోజే ఈ మందు ఇంకా ఎక్కువ అవసరం. నోట నిలవకపోతే సూదితో ఇవ్వాలి” అన్నారట అక్కడి డాక్టరు.

ఈ ఒక్క మాట ప్రతి ఇంటా తెలిసి ఉంటే చాలు. మాత్ర వాంతిలో పోతుంటే ఇంట్లో ఉండకూడదు. జ్వరం వచ్చినా, ఆపరేషను ఉన్నా మోతాదు సంగతి ముందుగా అడగాలి. “నేను స్టెరాయిడ్ వాడుతున్నాను” అని మందు పేరూ, మోతాదూ రాసిన కాగితం ఎప్పుడూ జేబులో ఉండాలి. తగ్గించవలసి వస్తే డాక్టరు చెప్పిన మెట్ల మీదుగానే దిగాలి.

డాక్టరు గారిని అడగండి

ఈ మందు ఎక్కువ కాలం వాడబోయేవారు క్షయ, కామెర్ల బి రకం ఒంట్లో దాగి ఉన్నాయేమో ముందే పరీక్ష చేయించుకోవాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి అడగాలి. మోతాదు ఎక్కువగా ఉన్నప్పుడు బతికున్న క్రిములతో చేసే టీకాలు పనికిరావు. ఇంట్లో పిల్లలకు ఆటలమ్మ వస్తే వెంటనే కబురు చెయ్యాలి. పీల్చే మందు వాడే ఉబ్బసం రోగులు ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోటిలో తెల్లపూత వచ్చే అవకాశం తగ్గుతుంది. ఎంత తక్కువ మోతాదుతో, ఎంత త్వరగా బయటపడగలమో అడగడంలో తప్పు లేదు. ఆ ప్రశ్నకు మంచి డాక్టర్లు విసుక్కోరు.

మా అక్కయ్య మోతాదు ఇప్పుడు మొదట్లో ఉన్నదానిలో సగానికి తగ్గింది. అది జొన్నరొట్టె మహిమ అని నేననను. కీళ్ళకు డాక్టరు గారిచ్చిన ఇతర మందులు పనిచేశాయి, ఆ మందులు పనిచేసేదాకా ఆమె వేరే జబ్బుల పాలు కాకుండా నిలబడింది. ఆ నిలబడడంలో కాచిన నీళ్ళకూ, మజ్జిగకూ, తగ్గించిన ఉప్పుకూ భాగం ఉందని మాత్రం చెప్పగలను.

మీ ఇంట్లో ఈ మాత్ర వాడేవారుంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. వారు వేసుకునే ప్రతి మాత్రా, పొడీ, లేహ్యం, టీ పొట్లం బల్ల మీద పెట్టి, పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. అత్తగారు పంపినదైనా, స్నేహితులు ఇచ్చినదైనా వదలవద్దు. ఈసారి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళండి.